ఆర్టిచోక్: కూరగా వండుకున్నా, ఆకు సారం క్యాప్సూల్ వేసుకున్నా ఒకటేనా? కొలెస్టరాల్‌కు, ఫ్యాటీ లివర్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

సైనిక్‌పురి వంటిల్లు (ప్రశ్న)

అమ్మకు 58 ఏళ్లు. తాజా రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 158, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 190. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. డాక్టరుగారు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. రాశారు, అది మానే ఉద్దేశం మాకు లేదు. దానికి తోడు ఆర్టిచోక్ (పూమొగ్గను కూరగా తినే విదేశీ మొక్క) వాడితే లివర్‌కు మంచిదని చుట్టాలు గట్టిగా చెబుతున్నారు.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు పెద్ద సూపర్‌మార్కెట్లలో నూనెలో ఊరేసిన ముక్కల సీసాలు, ఉప్పునీళ్ల డబ్బాలు ఉన్నాయి. పచ్చి మొగ్గలు ఎప్పుడో గానీ కనిపించవు. రైతుబజార్‌లో అడిగితే పేరే తెలియదన్నారు. ఆన్‌లైన్‌లో ఆకు సారం క్యాప్సూల్స్ బోలెడు. ఒకదాని మీద "500 మి.గ్రా., సైనరిన్ 5%" అని ఉంటే, ఇంకోదాని మీద "10:1" అని మాత్రమే ఉంది.

కూరలో ఉన్నదీ క్యాప్సూల్‌లో ఉన్నదీ ఒకటేనా? కొలెస్టరాల్ ఎంత తగ్గుతుందో అంకెల్లో చెప్పగలరా? లేబుల్ మీద రాసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? పచ్చిది దొరికితే ఎలా వండాలి? "మంచిదట, వాడండి" తరహా జవాబులు వద్దండీ, విషయం తెలిసినవాళ్లు వివరంగా రాస్తే చాలా సంతోషం.

ఆహార రసాయనం

ముందు మీ మొదటి ప్రశ్న తేల్చుకుందాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కాదు, ఒకటి కావు. మనం కూరగా తినేది విచ్చుకోని పూమొగ్గ. క్యాప్సూల్‌లో వేసేది అదే మొక్కకు కింద పెరిగే పెద్ద రంపపు ఆకు. ఆ ఆకును ఎవరూ వండుకోరు, అంత చేదు. కొలెస్టరాల్ మీద, అజీర్తి మీద జరిగిన ముఖ్యమైన పరీక్షలన్నీ ఆకు సారం మీదే జరిగాయి. ఆ ఫలితాలను తెచ్చి సీసాలోని ముక్కలకు అంటించడం సరికాదు.

ఇక అందులో ఉన్నవి. మొదటి గుంపు కెఫియోయిల్ క్వినిక్ ఆమ్లాలు. క్లోరోజెనిక్ ఆమ్లం వీటిలో ఒకటి, కాఫీ గింజల్లోనూ మన వంకాయలోనూ ఉండేది అదే. సైనరిన్ కూడా ఈ గుంపుదే. దాని నిర్మాణాన్ని 1954లో ఇటలీ శాస్త్రవేత్తలు పానిజ్జీ, స్కార్పాటి తేల్చారు. విశేషమేమిటంటే పచ్చి ఆకులో సైనరిన్ చాలా తక్కువ. ఆకును వేడినీళ్లలో మరిగించినప్పుడు దాని దగ్గరి బంధువైన మరో ఆమ్లం రూపం మార్చుకుని సైనరిన్ అవుతుంది. కాబట్టి లేబుల్ మీద దాని శాతం పెద్దగా కనిపిస్తే, ఆకు గొప్పదని కాదు, సారం తీసిన పద్ధతి అలాంటిదని అర్థం.

రెండో గుంపు ఫ్లేవనాయిడ్లు: ల్యూటియోలిన్, దానికి చక్కెర అణువు అతుక్కుని ఉండే సైనరోసైడ్. ఎలుకల కాలేయ కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఇవి కొలెస్టరాల్ తయారీని తగ్గించాయి. స్టాటిన్లు పనిచేసే దారి కూడా అదే, అయితే స్టాటిన్ కాలేయంలో కొలెస్టరాల్ తయారుచేసే ఎంజైమును నేరుగా పట్టుకుంటుంది, ఇవి చుట్టుదారిన తగ్గిస్తాయి. బలంలో రెంటికీ పోలిక లేదు.

మూడోది చేదునిచ్చే సైనరోపిక్రిన్. ఇది ఆకులో దండిగా, తినే మొగ్గలో కొద్దిగా ఉంటుంది. ఎలర్జీల సంగతి వచ్చినప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మొగ్గకే ప్రత్యేకమైనది ఇన్యులిన్ అనే పీచు. చిన్నపేగు దీన్ని అరిగించలేదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా తింటుంది. ఆర్టిచోక్ ఇన్యులిన్ గొలుసులు మామూలు ఇన్యులిన్ కన్నా బాగా పొడవు, అందువల్ల నెమ్మదిగా పులుస్తుంది. 32 మంది ఆరోగ్యవంతులకు రోజుకు 10 గ్రాముల చొప్పున 3 వారాలు ఇచ్చి చూసిన అధ్యయనంలో పేగులకు మేలుచేసే బైఫిడో బ్యాక్టీరియా పెరిగింది. ఆ 10 గ్రాములు విడిగా తీసిన ఇన్యులిన్ అని గమనించండి. ఒక మొగ్గ తింటే అంత రాదు. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ వేరు కూడా ఇదే కుటుంబానిది, అందులోనూ ఇన్యులిన్ ఉంటుంది, కానీ వేయించేటప్పుడు చాలావరకు విరిగిపోతుంది.

ఇప్పుడు ఇవి ఒంట్లోకి వెళ్లాక ఏమవుతాయన్నది. ప్యాకెట్ల మీద రాసే "యాంటీ ఆక్సిడెంట్ శక్తి" అంకెలను నేను అసలు లెక్కలోకి తీసుకోను, దానికి కారణం ఇదే. క్లోరోజెనిక్ ఆమ్లంలో సుమారు మూడో వంతు మాత్రమే చిన్నపేగులో పీల్చుకోబడుతుంది. ఆకు సారం మింగినవాళ్ల రక్తం పరీక్షించినప్పుడు సైనరిన్ గానీ క్లోరోజెనిక్ ఆమ్లం గానీ ఉన్నదున్నట్టు కనిపించలేదు. గంటలోపే కెఫీక్, ఫెరులిక్ ఆమ్లాలు కనిపించాయి. 6, 7 గంటలయ్యాక, పెద్దపేగు బ్యాక్టీరియా మార్చిన డైహైడ్రో రూపాలు వచ్చాయి. అంటే పరీక్షనాళికలో కొలిచిన పదార్థం ఒకటి, కాలేయానికి చేరేది ఇంకొకటి. పేగుల్లోని బ్యాక్టీరియా మనిషికీ మనిషికీ వేరు కాబట్టి ఫలితమూ అందరికీ ఒకేలా ఉండదు.

వీటన్నిటిలో మనుషుల్లో నేరుగా కొలిచి చూపిన పని పైత్యరసం పెరగడం. 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లలో ఆకు సారాన్ని ట్యూబు ద్వారా చిన్నపేగు మొదటి భాగంలోకి పంపి చూస్తే, పైత్యరసం అరగంటకు 127 శాతం, గంటకు సుమారు 151 శాతం ఎక్కువగా ఊరింది. నూనె ఎక్కువైన భోజనం తర్వాత కడుపు భారం తగ్గడానికి ఇదే కారణం కావచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలనడానికి కారణమూ ఇదే.

మందుల చీటీ

రసాయనం గారు చెప్పినదానికి పరీక్షల అంకెలు జోడిస్తాను.

ఎక్కువమంది ఉదహరించేది 2000లో అచ్చయిన జర్మనీ పరీక్ష. మొత్తం కొలెస్టరాల్ 280 దాటిన 143 మందిలో కొందరికి రోజుకు 1,800 మి.గ్రా. సారం, మిగతావాళ్లకు మందులేని ఉత్తుత్తి మాత్ర, 6 వారాలు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లలో మొత్తం కొలెస్టరాల్ 18.5 శాతం, ఎల్‌డీఎల్ 22.9 శాతం తగ్గాయి. ప్రకటనల్లో ఇంతవరకే రాస్తారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలోనూ మొత్తం కొలెస్టరాల్ 8.6 శాతం, ఎల్‌డీఎల్ 6.3 శాతం తగ్గాయన్నది వదిలేస్తారు. బాగా ఎక్కువ అంకె వచ్చినప్పుడు చేర్చుకున్న మనిషిలో తర్వాతి అంకె ఎటూ కొంత కిందికి దిగుతుంది, పైగా పరీక్షలో ఉన్నామని తిండి కూడా జాగ్రత్తగా తింటారు.

2008లో బ్రిటన్ పరీక్ష అచ్చయింది. కొలెస్టరాల్ ఓ మోస్తరుగా ఉన్న 75 మంది, రోజుకు 1,280 మి.గ్రా., 12 వారాలు. సారం వాళ్లలో మొత్తం కొలెస్టరాల్ 4.2 శాతం తగ్గింది, అవతలివాళ్లలో 1.9 శాతం పెరిగింది. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్), ట్రైగ్లిజరైడ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అమ్మగారి పరిస్థితికి దగ్గరగా ఉన్నది మొదటిది కాదు, ఇది.

2018లో 9 పరీక్షలను, 702 మందిని కలిపి లెక్కకట్టారు: డెసిలీటరు రక్తానికి ఎల్‌డీఎల్ సగటున 15, ట్రైగ్లిజరైడ్లు 9 మి.గ్రా. చొప్పున తగ్గాయి, హెచ్‌డీఎల్ మారలేదు. అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. ఒక్కటే ఎల్‌డీఎల్‌ను మూడో వంతుకు పైగా తగ్గిస్తుంది, అంటే 158 ఉన్నవాళ్లలో దాదాపు 55. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. "సహజమైనది దొరికింది కదా" అని నెల తర్వాత మాత్ర ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి, ఆర్టిచోక్‌తో వచ్చే అసలు నష్టం అక్కడే.

ఇంకో చిక్కు. ఎల్‌డీఎల్ ఒకే మనిషిలో ఏ మార్పూ లేకుండానే రోజురోజుకీ సుమారు 8 శాతం అటూఇటూ ఆడుతుంది. 158లో అది 12, 13. అంటే క్యాప్సూల్ తగ్గించగలిగినంత తేడా, మామూలు ఊగిసలాటలోనే కలిసిపోతుంది. ఒక్క రిపోర్టు చూసి పనిచేసిందనో చేయలేదనో చెప్పలేం. తెలుసుకోవాలనుంటే మొదలుపెట్టే ముందు వారం తేడాతో రెండు పరీక్షలు, 12 వారాల తర్వాత మళ్లీ అలాగే రెండు, అన్నీ ఒకే ల్యాబ్‌లో, ఒకే రకం ఉపవాసంతో చేయించి సగటులు పోల్చాలి. ఈలోపు స్టాటిన్ డోసు మారితే ఆ పోలిక చెల్లదు.

ఫ్యాటీ లివర్ విషయానికి వస్తే, రోజుకు 600 మి.గ్రా. చొప్పున 2 నెలలు, 100 మందితో చేసిన పరీక్షలో కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ తగ్గాయి. ఆశ కలిగించేదే, కానీ చిన్నది, కొద్దికాలంది. గ్రేడ్ 1కు ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గడం కన్నా బలమైన చికిత్స ఏ క్యాప్సూల్‌లోనూ లేదు. 70 కిలోలున్నవాళ్లకు అది 5 నుంచి 7 కిలోలు.

దీనికి గట్టి ఆధారం ఉన్నది నిజానికి అజీర్తికి. భోజనం కాగానే కడుపు నిండిపోయినట్టుండడం, ఉబ్బరం ఉన్న 247 మందికి 320 మి.గ్రా.వి రెండేసి, రోజుకు మూడుసార్లు, 6 వారాలు ఇస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా బాగా పనిచేసింది. యూరప్ మందుల సంస్థ కూడా ఆర్టిచోక్ ఆకును సంప్రదాయ వాడకం కింద ఇలాంటి జీర్ణ సమస్యలకే గుర్తించింది, కొలెస్టరాల్‌కు కాదు.

లేబుల్ సంగతి. "10:1" అంటే 10 కిలోల ఆకు నుంచి ఒక కిలో సారం తీశారని. కానీ పచ్చి ఆకా, ఎండు ఆకా అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. జర్మనీ పరీక్షలో వాడినది పచ్చి ఆకు నుంచి నీళ్లతో తీసినది, నిష్పత్తి 25 నుంచి 35:1. ఎండు ఆకు సారాలు 4 నుంచి 6:1 దగ్గర ఉంటాయి. పచ్చి ఆకులో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ రెండూ దాదాపు సమానమే. పచ్చి ఆకు 10:1 అయితే మాత్రం బాగా పలచన.

"సైనరిన్ 5%" అనేది ఎక్కువగా యూవీ (అతినీలలోహిత కాంతితో కొలిచే) పద్ధతిలో వచ్చిన అంకె. ఆ పద్ధతి కెఫియోయిల్ క్వినిక్ ఆమ్లాలన్నిటినీ కలిపి కొలిచి సైనరిన్ పేరు మీద రాస్తుంది. ఒక్కో పదార్థాన్ని వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చూస్తే అసలు సైనరిన్ అందులో చాలా తక్కువ తేలుతుంది. నాణ్యతకు క్లోరోజెనిక్ ఆమ్లాన్ని కొలమానంగా పెట్టుకున్న యూరప్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) దారే నాకు సరైనదనిపిస్తుంది. కొనేముందు డబ్బా మీద ఇవి చూడండి: ఆకు సారం అని స్పష్టంగా ఉందా, నిష్పత్తి, సారం తీసిన ద్రావకం, కొలిచిన పద్ధతి, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు. "వైద్య అవసరాలకు కాదు" అన్న మాట కూడా నిబంధన ప్రకారం ఉండాలి. అది లేకుండా "ఫ్యాటీ లివర్ నయం" అని రాసి ఉంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. చాలా లివర్ క్యాప్సూల్స్‌లో సిలిమరిన్ కూడా కలుపుతారు. అది మిల్క్ థిసిల్ అనే వేరే మొక్క నుంచి వచ్చేది, ఆర్టిచోక్‌లో ఉండేది కాదు.

వాడకూడనివాళ్లు: పిత్తాశయంలో రాళ్లు, పైత్యనాళాలకు అడ్డంకి లేదా వాపు, హెపటైటిస్ ఉన్నవాళ్లు, చామంతి కుటుంబపు మొక్కలు పడనివాళ్లు. 12 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. లివర్ కోసమని కొనేవాళ్లలో హెపటైటిస్ ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్లు అసలు తాకకూడదన్నది దుకాణంలో ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ నొక్కి రాస్తున్నాను.

ఆవిరి గిన్నె

వంట ప్రశ్నకు నేను చెబుతాను.

ఎంచుకునేటప్పుడు మొగ్గ చేతిలో బరువుగా, రేకులు దగ్గరగా ముడుచుకుని ఉండాలి. నొక్కితే కిర్రుమనాలి. రేకులు విచ్చుకుని, కొసలు ఎండిపోయి తేలిగ్గా ఉంటే లోపల నూగు పెరిగి గుజ్జు తగ్గిపోయినట్టే. తూకంలో 100కు 40 వంతులే తినేది, మిగతాది పారేసేదే. 300 గ్రాముల మొగ్గకు 120 గ్రాములు వస్తే బాగా వచ్చినట్టు.

కోయకముందే లీటరు నీళ్లలో ఒక నిమ్మకాయ పిండి పక్కన పెట్టుకోండి. వంకాయ కోయగానే నల్లబడినట్టే ఇదీ నల్లబడుతుంది, ఇంకా తొందరగా. కారణం ఒకటే: కోతపడ్డ చోట ఎంజైము గాలి సాయంతో క్లోరోజెనిక్ ఆమ్లాన్ని మారుస్తుంది. అంటే నల్లబడేకొద్దీ మీరు దేనికోసం తింటున్నారో అదే తగ్గిపోతున్నట్టు. కాడను రెండు అంగుళాలు ఉంచి కోయండి, పైతొక్క చెక్కేస్తే లోపలిది గుండెభాగమంత రుచిగా ఉంటుంది. పైనుంచి మూడో వంతు తీసేయండి, రేకుల ముళ్ల కొసలు కత్తెరతో కత్తిరించి వెంటనే నిమ్మనీళ్లలో వేయండి. స్టీలు కత్తే వాడాలి.

ఇనుప మూకుడు, ఇనుప కత్తిపీట రెండూ వద్దు. క్లోరోజెనిక్ ఆమ్లం ఇనుముతో కలిసి ఆకుపచ్చ నలుపు రంగు తెస్తుంది. ప్రమాదం లేదు గానీ చూడటానికి బాగోదు, నోట్లో లోహపు రుచి తగులుతుంది. ఇదే గుణం వల్ల ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ కూర తిన్న భోజనంతో వాటిని కలపకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

ఆవిరి మీద ఉడికించడమే అన్నిటికన్నా మేలు. ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్లు పోసి, చిల్లుల పళ్లెం మీద మొగ్గను తలకిందులుగా పెట్టి 35 నుంచి 45 నిమిషాలు. మధ్యలో నీళ్లు చూసుకోవాలి, ఇడ్లీకన్నా మూడు రెట్ల సమయం కదా. లోపలి రేకు ఒకటి లాగితే తేలిగ్గా ఊడి వస్తే అయినట్టే. కుక్కర్‌లో అయితే ప్రెషర్ వచ్చాక సన్నమంట మీద 12 నిమిషాలు సరిపోతాయి. నీళ్లలో ఉడికిస్తే సత్తువలో కొంత ఆ నీళ్లలోకి దిగిపోతుంది. ఆవిరి, ఉడకబెట్టడం, వేపుడు మూడూ పోల్చిన 2008 నాటి ఇటలీ అధ్యయనంలో ఫ్లేవనాయిడ్లు అన్నిటికన్నా ఎక్కువ పోయింది నూనెలో వేయించినప్పుడే.

ఉడికాక మధ్యలో వెంట్రుకల్లాంటి నూగు ఉంటుంది, దాన్ని చెంచాతో పూర్తిగా గీకేయాలి. గొంతులో ఇరుక్కుంటుంది, పెద్దవాళ్లకూ పిల్లలకూ పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త. రేకుల అడుగున ఉండే గుజ్జును పంటితో లాగి తినాలి, కొబ్బరి పచ్చడి గానీ పెరుగు పచ్చడి గానీ నంజుకోవచ్చు. గుండెభాగాన్ని సన్నగా తరిగి, ఒక చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు తాలింపులో మూడు నిమిషాలు తిప్పితే చాలు. పెసరపప్పులో వేసినా కుదురుతుంది. చింతపండు పులుసుగానీ నిమ్మరసంగానీ ముక్క మెత్తబడ్డాకే వేయండి. పులుపు ముందే పడితే ఎంతసేపు ఉడికించినా ముక్క గట్టిగానే ఉంటుంది.

ఇది తిన్నాక మంచినీళ్లు తియ్యగా అనిపిస్తే కంగారుపడకండి. 1972లోనే దీని మీద పరిశోధన అచ్చయింది, కొందరి నాలుక మీద క్లోరోజెనిక్ ఆమ్లం, సైనరిన్ కాసేపు అలా పనిచేస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు నీళ్లలో ఏదో కలిసిందని భయపడుతుంటారు.

సీసాలు, డబ్బాల గురించి. ఉప్పునీళ్ల డబ్బా కొంటే ముక్కలను ధారనీటి కింద కడిగి అరగంట మంచినీళ్లలో ఉంచి పిండండి, ఉప్పు కొంత పోతుంది. లేబుల్ మీది సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పెంతో తెలుస్తుంది: 400 మి.గ్రా. సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములు దాటొద్దన్నది లెక్క. నూనె సీసా మాత్రం అమ్మగారి ట్రైగ్లిజరైడ్లకు నేను సిఫారసు చేయను, ఎంత వార్చినా నూనె ముక్కల్లోనే ఉంటుంది.

ఒక హెచ్చరిక. నచ్చింది కదా అని ఇంట్లో ఆవకాయలా నూనెలో నిల్వ పెట్టకండి. ఆవకాయను కాపాడేది మామిడి పులుపూ, దండిగా వేసే ఉప్పూ. ఆర్టిచోక్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 నుంచి 6, అంటే పులుపు దాదాపు లేదు. 4.6 దాటిన కూరగాయను నూనెలో ముంచి బయట ఉంచితే గాలి తగలని ఆ చోట బొట్యులిజం అనే ప్రాణాంతక విషబాధ కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు. వాసనా, రుచీ మారకుండానే విషం తయారవుతుంది. వండినది అదే రోజు తినేయండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ముగించండి.

తార్నాక దారి

పైన చెప్పినవాటితో పేచీ లేదు, కానీ ఒక్క ప్రశ్న అడగాలి. ఎల్‌డీఎల్ 15 తగ్గడానికి నెలనెలా అంత ఖర్చు ఎందుకు? ఇసబ్‌గోల్ రోజుకు 10 గ్రాములు వాడినవాళ్లలో, పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ సగటున 13 మి.గ్రా. తగ్గింది. ఆధారాలు ఆర్టిచోక్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, స్టాటిన్‌కు తోడుగా కూడా వాడి చూశారు.

పద్ధతి: మొదటి వారం రోజుకు 3 గ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా 5 గ్రాముల చొప్పున రెండుపూటలకు తేవాలి. ప్రతిసారీ పెద్ద గ్లాసుడు, అంటే 250 మి.లీ. నీళ్లలో కలిపి చిక్కబడకముందే తాగేయాలి. నీళ్లు తక్కువైతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టమైనవాళ్లు, పేగుల్లో అడ్డంకి ఉన్నవాళ్లు వాడకూడదు. వేరే మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం పెట్టాలి.

క్లోరోజెనిక్ ఆమ్లమే కావాలంటే వంకాయ ఉంది. పీచు కావాలంటే గోరుచిక్కుడు, చిక్కుడు, అరటిపువ్వు ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి దొరికే మొగ్గ కోసం సిటీ అంతా తిరగక్కర్లేదు.

ఆహార రసాయనం

కొలెస్టరాల్ వరకే అయితే మీ మాట ఒప్పుకుంటాను. నేనూ ముందు ఇసబ్‌గోలే చెబుతాను. భోజనం తర్వాత కడుపు భారానికి మాత్రం ఇసబ్‌గోల్ బదులు కాదు, కొందరిలో ఉబ్బరం ఇంకా పెంచుతుంది. ఆకు సారానికి ప్రత్యేకంగా చోటున్నది అక్కడ. వంకాయలో క్లోరోజెనిక్ ఆమ్లం నిజమే గానీ ల్యూటియోలిన్ జాతి, సైనరోపిక్రిన్ ఉండవు. ఒక్క పదార్థం కలిసినంత మాత్రాన ఒకదాని పరీక్షాఫలితం ఇంకోదానికి రాదు. మొదట్లో నేను ఆకూ మొగ్గా గురించి చెప్పినది వంకాయకూ వర్తిస్తుంది.

మొగ్గను కూరగా చూస్తే, ఉడికించిన 100 గ్రాముల్లో పీచు సుమారు 5.7 గ్రాములు, ఫోలేట్ 89 మైక్రోగ్రాములు, శక్తి 50 కేలరీల దగ్గర. ఆ లెక్కన మంచి కూరగాయే. విటమిన్ కె 15 మైక్రోగ్రాములే కాబట్టి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు పాలకూరంత ఇబ్బంది లేదు. పొటాషియం 290 మి.గ్రా. దాకా ఉంటుంది, కిడ్నీ డాక్టరు పొటాషియం తగ్గించమన్నవాళ్లు దీన్నీ లెక్కలో వేసుకోవాలి. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం తెచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్లకు ఇన్యులిన్ వల్ల గ్యాస్ బాగా వస్తుంది. వాళ్లు ముందు రెండు చెంచాల గుజ్జుతో చూసుకోవాలి.

సైనిక్‌పురి వంటిల్లు

అందరికీ ధన్యవాదాలండీ. చదివాక అమ్మ పాత స్కానింగ్ రిపోర్టు వెతికి చూశాం. పిత్తాశయంలో 5 మి.మీ. రాయి ఒకటి ఉందని రాసి ఉంది. నొప్పి ఎప్పుడూ రాలేదు కాబట్టి పట్టించుకోలేదు. ఇంకొకటి, వానాకాలంలో ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ పెరిగినప్పుడు మెడ మీద, మోచేతుల మడతల్లో దద్దుర్లు వస్తాయి. ఈ రెండూ ఉంటే క్యాప్సూల్ వద్దనే అర్థమా? కూర తినొచ్చా?

మందుల చీటీ

అవునండీ, క్యాప్సూల్ వద్దు. నొప్పి లేని రాయి కదలకుండా ఉన్నంతకాలమే నిశ్శబ్దంగా ఉంటుంది. పైత్యరసం పారుదల ఒక్కసారిగా పెంచితే రాయి నాళంలోకి జారి ఇరుక్కునే అవకాశం ఉంది. అప్పుడు కుడి డొక్కలో, పొట్ట పైభాగంలో గంటల తరబడి నొప్పి, వాంతులు, కళ్లు పచ్చబడటం, చలిజ్వరం రావచ్చు. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ రాయి సంగతి స్టాటిన్ రాసిన డాక్టరుగారికి చెప్పండి, కొత్త స్కానింగ్ కావాలో లేదో ఆయన తేలుస్తారు. బరువు తగ్గించే పనిలోనూ ఇది ముఖ్యం. చాలా వేగంగా, వారానికి కిలోన్నర మించి తగ్గితే రాళ్లు పెరుగుతాయి. వారానికి అరకిలో చొప్పున చాలు. పూటలకు పూటలు తిండి మానేయడం వద్దు.

ఆహార రసాయనం

దద్దుర్ల సంగతి మీరు చెప్పడం మంచిదైంది. వయ్యారిభామ, చామంతి, బంతి, ఆర్టిచోక్ అన్నీ ఒకే కుటుంబం. వయ్యారిభామ దద్దుర్లకు కారణమైన పార్థెనిన్, ఆర్టిచోక్‌లోని సైనరోపిక్రిన్ రెండూ సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే ఒకే జాతి పదార్థాలే. ఒకటి పడనివాళ్లకు ఇంకోటి పడకపోవచ్చు, ఆర్టిచోక్ కోసేవాళ్ల చేతులకు దద్దుర్లు వచ్చిన ఉదంతాలు నమోదయ్యాయి. క్యాప్సూల్‌లో ఈ చేదు పదార్థం మొగ్గలోకన్నా చాలా ఎక్కువ కాబట్టి, రాయి లేకపోయినా నేను వద్దనే చెప్పేవాణ్ని. చికోరీ కాఫీ కూడా ఇదే కుటుంబమని చెప్పాను కదా, అది తాగిన రోజుల్లో దద్దుర్లు ఎక్కువవుతున్నాయేమో ఒకసారి గమనించండి.

కూర విషయం చర్మ డాక్టరును అడిగాకే. ఆయన సరేనంటే కోసే పని అమ్మగారికి ఇవ్వకండి, మీరైనా చేతి తొడుగులతో కోయండి. మొదటిసారి ఉడికించిన గుజ్జు ఒక చెంచా మాత్రమే పెట్టి రెండు రోజులు ఆగి చూడండి. నోరు దురదపెట్టినా, పెదవులు ఉబ్బినా మళ్లీ పెట్టకూడదు.

తార్నాక దారి

ఇసబ్‌గోల్ మొదలుపెడితే అటోర్వాస్టాటిన్‌తో గొడవ లేకుండా ఇలా సర్దుకోండి: ఉదయం టిఫిన్‌కు ముందు ఒకసారి, సాయంత్రం 6 గంటలకు ఒకసారి. మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకుంటే ఎడం సరిపోతుంది. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే ఉదయపు ఇసబ్‌గోల్‌ను మధ్యాహ్న భోజనం ముందుకు జరపండి.